చెడువార్త చివరిదాకా

(పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పోకుండా కొద్దిపాటి మార్పులతో.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వినిపిస్తోందా? సరే.

ఇన్ని చెడువార్తల మధ్య రేపటి మీద ఆశ నిలుపుకోవడం ఎలా అన్నది నాకిచ్చిన అంశం. ఇలాంటివాటికి మామూలుగా ప్రవచనాలు చెప్పేవాళ్లనో, వ్యక్తిత్వ వికాసం క్లాసులు తీసుకునేవాళ్లనో పిలుస్తారు. నేను ఉద్యోగమంతా పత్రిక డెస్కులో చేసినవాణ్ని. అంటే పొద్దున్నే మీ మూడ్ పాడుచేసినవాళ్లలో ఒకణ్ని. దొంగనే పిలిచి తాళాల గురించి చెప్పమన్నారన్నమాట. (నవ్వులు)

ధ్యానం ఎలా చేయాలో, మనసు ఎలా అదుపులో పెట్టుకోవాలో నాకు తెలియదు. వార్త ఎలా తయారవుతుందో తెలుసు. తయారయ్యేటప్పుడు దాన్నుంచి ఏ భాగం రాలిపోతుందో తెలుసు. ఆ రాలిపోయే భాగానికీ మనకు కలిగే నిరాశకీ గట్టి సంబంధం ఉందని నా నమ్మకం. దాని గురించే మాట్లాడతాను.

ముందు మీకో చిన్న పరీక్ష. ఎండలోని హానికర కిరణాలను అడ్డుకునే ఓజోన్ పొరకు చిల్లు పడిందన్న సంగతి విన్నవాళ్లు చేతులెత్తండి. బాగుంది, దాదాపు అందరూ ఎత్తారు. ఇప్పుడు ఆ చిల్లు ఏమైందో తెలిసినవాళ్లు మాత్రం చేతులు అలాగే ఉంచండి, మిగతావాళ్లు దించేయండి... ముగ్గురు. కాదు, ఆయన తల గోక్కుంటున్నారు. ఇద్దరు. (నవ్వులు) ఇందులో మీ తప్పేమీ లేదండీ. మొదలు మీకు చేరింది, చివర చేరలేదు.

సరే, ఆ కథ నేను చెబుతాను. 1974లో మారియో మోలినా, షేర్‌వుడ్ రోలండ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఫ్రిజ్‌లలో, ఏసీల్లో, స్ప్రే డబ్బాల్లో వాడే సీఎఫ్‌సీ వాయువులు మెల్లగా ఆకాశం పైపొరలకు చేరి ఓజోన్‌ను నాశనం చేస్తాయని అందులో చెప్పారు. అప్పటికి అది లెక్కల్లో తేలిన ప్రమాదమే, కంటికి కనబడింది కాదు. ఆ రసాయనాలు తయారుచేసే కంపెనీలు సహజంగానే ఒప్పుకోలేదు. 1985లో జో ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ అనే ముగ్గురు బ్రిటిష్ శాస్త్రవేత్తలు అంటార్కిటికాలోని హాలీ అనే స్థావరంలో 1950ల నుంచీ తీస్తూ వచ్చిన కొలతలను ముందేసుకుని చూస్తే, అక్కడ ప్రతి అక్టోబర్లో ఓజోన్ దారుణంగా పడిపోతోందని బయటపడింది. పదేళ్ల కిందటితో పోలిస్తే దాదాపు 40 శాతం తక్కువ. అప్పుడు మొదటి పేజీల్లోకి ఎక్కింది. మీరు చేతులెత్తిన వార్త అదే.

తర్వాత ఏమైంది? 1987 సెప్టెంబర్ 16న కెనడాలోని మాంట్రియల్ నగరంలో, ఆ రసాయనాల వాడకం అంచెలంచెలుగా తగ్గించాలని దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. కాలక్రమంలో ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలన్నీ దాన్ని ఆమోదించాయి. అన్నీ అంటే అన్నీ. ఏ విషయం మీదా ఒకరితో ఒకరు ఏకీభవించని దేశాలు కూడా. ఓజోన్‌కు హానిచేసే రసాయనాల్లో సుమారు 99 శాతం వాడకంలోంచి పోయాయి. ఇదే పద్ధతి కొనసాగితే ప్రపంచంలో ఎక్కువ భాగం మీద 2040 నాటికి, ఆర్కిటిక్ మీద 2045 నాటికి, అంటార్కిటికా మీద 2066 నాటికి ఓజోన్ పొర 1980లో ఉన్న స్థితికి వస్తుందని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2023లో అంచనా వేసింది. ఇది ఏ పేపర్లో ఏ పేజీలో వచ్చిందో నాకు గుర్తులేదు. మొదటి పేజీలో అయితే చూడలేదు.

ఈ కథలో ఇంకో మెలిక ఉంది, నాకు అసలు ఇష్టమైన భాగం అదే. 2018లో కొందరు శాస్త్రవేత్తలు గాలి నమూనాలు పరీక్షిస్తుంటే, సీఎఫ్‌సీ-11 అనే వాయువు తగ్గాల్సినంత వేగంగా తగ్గడం లేదని తేలింది. నిషేధించిన సరుకును ఎవరో మళ్లీ తయారుచేస్తున్నారన్నమాట. గాలి ఎటునుంచి వీచినప్పుడు కొలత పెరుగుతోందో చూసుకుంటూ ఆరా తీస్తే, పెరిగినదాంట్లో పెద్ద వాటా తూర్పు చైనా నుంచి వస్తోందని 2019లో పట్టుకున్నారు. కొద్దికాలంలోనే అది మళ్లీ తగ్గింది. సమస్య పరిష్కారమైందని అందరూ మర్చిపోయాక కూడా ఎవరో కూర్చుని కొలుస్తూ ఉన్నారు. ప్రపంచం బాగుపడటం అంటే చాలావరకు ఇదే. చూడటానికి ఏమీ ఉండదు. ఫొటో కూడా రాదు.

గమనించారా, ఈ కథలో ఉన్నవాళ్లెవరూ 'అంతా మంచికే' అనుకున్న మనుషులు కారు. మోలినా, రోలండ్ చెప్పింది చెడువార్త. హాలీ నుంచి వచ్చింది ఇంకా చెడువార్త. 2018లో దొరికింది మరో చెడువార్త. ప్రతి చోటా చెడువార్త మోసుకొచ్చినవాళ్లే తర్వాత పని కూడా చేశారు. కాబట్టి ఆశగా ఉండాలంటే చెడువార్తలు వినకూడదు అనే సలహా నాకు ఎప్పుడూ నచ్చదు. వాళ్లు మనకంటే చాలా ఎక్కువ విన్నారు. అయితే సగంలో ఆగిపోలేదు.

ఇక డెస్కు సంగతి. ఒక వార్త మొదటిరోజు బ్యానర్. రెండోరోజు మొదటి పేజీలో కింద. మూడోరోజు లోపల. నాలుగోరోజుకి కొత్త బ్యానర్ వచ్చేస్తుంది. ఫాలోఅప్, అంటే తర్వాత ఏమైందో చెప్పే వార్త, చేద్దామని రిపోర్టర్ అడుగుతాడు. చేద్దాం అంటాం. ఆ రోజు ఏదో ఒకటి పేలుతుంది, కూలుతుంది, లేదా ఎవరో ఏదో అనరాని మాట అంటారు. ఫాలోఅప్ పోతుంది. ఇందులో ఎవరి కుట్రా లేదు. చోటు తక్కువ, టైము తక్కువ. టీవీ వచ్చాక ఇంకా తగ్గింది. ఫోన్ వచ్చాక అసలు నాలుగోరోజు అన్న మాటే లేదు. మధ్యాహ్నానికే పాతదైపోతుంది.

నార్వేకి చెందిన యోహాన్ గాల్టుంగ్, మారీ రూగె అనే పరిశోధకులు 1965లోనే ఇది రాశారు. ఒక ఘటన వార్త కావాలంటే, పత్రిక ఒక సంచికకూ ఇంకో సంచికకూ మధ్య ఉన్న వ్యవధిలో అది మొదలై ముగిసేలా ఉండాలి అన్నారు. ఇల్లు కాలడానికి ఒక రాత్రి చాలు. కట్టడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాదిలో 'ఈరోజు ఇంకో వరస ఇటుకలు పేర్చారు' అని ఏ సబ్-ఎడిటరూ హెడ్డింగ్ పెట్టడు. పెడితే మర్నాడు డెస్కులో ఉండడు. (నవ్వులు)

ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను, లెక్కలతో మిమ్మల్ని విసిగించను. 1990లో ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లలు రోజుకు సుమారు 35 వేలమంది చనిపోయేవాళ్లు. 2022 నాటికి అది రోజుకు సుమారు 13 వేలకు తగ్గింది. మధ్యలో ముప్పై రెండేళ్లు. టీకాలు, శుభ్రమైన నీళ్లు, విరేచనాలకు ఉప్పు పంచదార కలిపిన నీళ్లు, దోమతెరలు, కాన్పు దగ్గర చేయి తిరిగిన నర్సు. ఏ ఒక్క రోజూ అది వార్త కాలేదు, ఎందుకంటే ఏ ఒక్క రోజూ నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కనబడలేదు. ఇప్పుడు ఇంకోవైపు కూడా చూడండి. రోజుకు 13 వేలమంది పసిపిల్లలు. ఇది చిన్న సంఖ్యా? భయంకరమైన సంఖ్య. రెండూ ఒకేసారి నిజం. 'ప్రపంచం బాగుపడింది' అని చప్పట్లు కొట్టేవాళ్లు మొదటిది చూస్తారు, 'అంతా పోయింది' అనేవాళ్లు రెండోది చూస్తారు. నా మటుకు మొదటి సంఖ్యకున్న విలువ ఒకటే, రెండోదాన్ని కూడా తగ్గించవచ్చని అది రుజువు చేస్తోంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేను మా వాళ్లను వెనకేసుకొచ్చినట్టు ఉంటుంది. 2023లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ అనే జర్నల్లో ఒక పరిశోధన వచ్చింది. ఒక వెబ్‌సైట్ ఒకే కథనానికి రకరకాల హెడ్డింగులు పెట్టి, పాఠకులు దేన్ని క్లిక్ చేస్తారో పరీక్షించిన సమాచారం మొత్తం పరిశీలించారు. లక్షకు పైగా హెడ్డింగులు. సగటు హెడ్డింగులో చెడును సూచించే మాట ఒకటి పెరిగితే క్లిక్కులు 2.3 శాతం పెరిగాయి. మంచి మాట చేరిస్తే తగ్గాయి. తమాషా ఏమిటంటే ఆ వెబ్‌సైట్ అప్‌వర్తీ, మనసుకు హాయినిచ్చే కథనాలకే పేరు పడింది! అక్కడ కూడా అంతే. 2.3 శాతం అంటే తక్కువే కదా అనిపిస్తుంది. రోజుకు కొన్ని వందల హెడ్డింగులు, వాటిని ఎంచే కంప్యూటర్, ఏళ్ల తరబడి. అప్పుడు తక్కువ కాదు. అందుకని మీ ఫోన్లో కనబడేది లోకం తాలూకు నమూనా అనుకోకండి. మీ వేలు ఎక్కడ ఆగుతుందో దాని నమూనా అది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. వార్తలు చూస్తే బాధ కలగడం వేరు, చేతులు చచ్చుబడిపోయినట్టు అవడం వేరు. బాధ మంచిదే, మనిషి బతికున్నాడని గుర్తు. రెండోదే ప్రమాదం. అది ఎందుకు వస్తుంది?

1967 ప్రాంతంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు యువ పరిశోధకులు కుక్కల మీద ప్రయోగాలు చేశారు. ఇవాళైతే అలాంటివి చేయనివ్వరు, చేయనివ్వకపోవడమే మంచిది. కొన్ని కుక్కలకు కరెంటు షాకులు ఇచ్చారు. వాటికి ఆపుకునే మార్గం లేదు. తర్వాత వాటిని ఇంకో పెట్టెలో పెట్టారు. అందులో ఓ చిన్న అడ్డుగోడ దూకితే షాకు తప్పించుకోవచ్చు. కానీ అంతకుముందు తప్పించుకోలేని షాకులు తిన్న కుక్కల్లో చాలావరకు దూకే ప్రయత్నమే చేయలేదు. పడుకుని భరించాయి. దీనికి 'నేర్చుకున్న నిస్సహాయత' అని పేరు పెట్టారు. మీలో సైకాలజీ చదివినవాళ్లకు ఇంతవరకు తెలిసే ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో ఉంది.

దీనికీ ఫాలోఅప్ ఉంది. అది చాలామందికి చేరలేదు. మేయర్ తర్వాత మెదడు శాస్త్రం వైపు వెళ్లి దశాబ్దాల పాటు ఇదే తవ్వాడు. 2016లో మళ్లీ ఇద్దరూ కలిసి, మొదటి ప్రయోగాలు జరిగిన దాదాపు యాభై ఏళ్లకు, మేము అప్పుడు తిరగేసి అర్థం చేసుకున్నాం అని రాశారు. నిస్సహాయత నేర్చుకునేది కాదట. కష్టం ఎక్కువసేపు సాగితే మెదడు కింది భాగంలోని ఒక కేంద్రం దానంతట అదే శరీరాన్ని స్తబ్ధం చేస్తుంది. అది పుట్టుకతో వచ్చిన స్పందన. నేర్చుకోవాల్సింది రెండోది, 'నేను ఏదైనా చేస్తే దీనిలో కొంత మారుతుంది' అన్నది. ఆ అనుభవం కలిగినప్పుడు నుదుటి వెనకున్న మెదడు భాగం చురుకై, కింది కేంద్రాన్ని అణుస్తుంది. ఒకసారి అలా జరిగితే తర్వాత వచ్చే కష్టాల్లో కూడా ఆ రక్షణ కొంత పనిచేస్తుంది.

ఇది చదివాక నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. నిరాశ అనేది మీ బలహీనత కాదు, ఏమీ చేయకుండా కష్టాన్ని చూస్తూ ఉంటే ఎవరికైనా వచ్చేదే. ఇక్కడి నుంచి చెప్పేది నా మాట, ఆ శాస్త్రవేత్తలది కాదు. మంచం మీద పడుకుని రాత్రి పన్నెండు దాకా యుద్ధం, వరద, హత్య, మళ్లీ యుద్ధం చూస్తూ ఉండటమంటే, ఆపుకునే మార్గం లేని షాకులు మనంతట మనమే తీసుకోవడం. లోకంలో ఎక్కడ దెబ్బ తగిలినా మనకు తెలుస్తోంది. అందులో ఒక్కదాని మీదా మన చేయి పడటం లేదు. మనిషి చరిత్రలో ఇంతదూరం చూపు, ఇంత తక్కువ చేయి ఎప్పుడూ లేవు.

2013లో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలాయి, గుర్తుందా? ఆ తర్వాతి వారమంతా రోజుకు ఆరు గంటలకు పైగా ఆ వార్తలు చూసినవాళ్లకు, ఆ ఘటనకు నేరుగా గురైనవాళ్లకంటే ఎక్కువ టెన్షన్ లక్షణాలు కనబడ్డాయని మరుసటి ఏడాది ఒక అధ్యయనం వచ్చింది. అసలే ఆందోళన ఎక్కువున్నవాళ్లు ఎక్కువ వార్తలు చూస్తారేమో, అదీ కొంత ఉండవచ్చు. అయినా ఆలోచించాల్సిన సంగతే.

కాబట్టి చాలామంది వార్తలు మానేస్తున్నారు. రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ ఏటా అనేక దేశాల్లో చేసే సర్వేలో, వార్తలను అప్పుడప్పుడైనా కావాలని తప్పించుకుంటున్నామని 2017లో 29 శాతం చెప్పారు. 2025లో 40 శాతం. వాళ్లను నేను తప్పుపట్టను. నిద్రపట్టక, గుండె దడతో ఉన్నవాళ్లు కొన్నాళ్లు పూర్తిగా ఆపేయండి, తగ్గకపోతే డాక్టర్ని కలవండి. మొహమాటపడకండి. మిగతావాళ్లు మాత్రం మొత్తం మానేస్తే హాలీ దగ్గర కొలతలు తీసేవాళ్ల మాట ఎవరు వింటారు?

ఇక్కడ ఒకరు లేచి అడగాలి, నేనే అడిగేస్తాను. 'అయ్యా, ఓజోన్ ఒక్కటీ బాగుపడితే సరిపోయిందా? వాతావరణం సంగతేమిటి?' నిజమే. 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత పెరుగుదల, పరిశ్రమలు రాకముందు కాలంతో పోలిస్తే, మొదటిసారి ఏడాది మొత్తం మీద 1.5 డిగ్రీలు దాటింది. యుద్ధాల వల్ల, హింస వల్ల ఇళ్లు వదిలినవాళ్లు ఆ ఏడాది చివరికి ప్రపంచంలో 12 కోట్లకు పైగా ఉన్నారు. ఇవి సర్దిచెప్పుకోవడానికి వీలులేని విషయాలు. సర్దిచెప్పను కూడా.

కానీ 'అయిపోయింది' అనే మాట ఉంది చూశారూ, అది మాత్రం అబద్ధం. వేడి అనేది గీత దాటితే ఫెయిల్ అయ్యే వ్యవహారం కాదు. వెచ్చటి సముద్రాల్లోని పగడపు దిబ్బల్లో 1.5 డిగ్రీల దగ్గర 70 నుంచి 90 శాతం పోతాయని, 2 డిగ్రీల దగ్గర 99 శాతం పైగా పోతాయని వాతావరణ శాస్త్రవేత్తల అంతర్జాతీయ బృందం 2018లో చెప్పింది. రెండూ దుఃఖమే. అయితే ఆ అరడిగ్రీలో పదిశాతం దిబ్బలైనా మిగలడమో, అసలే లేకపోవడమో తేలిపోతుంది. ప్రతి పదోవంతు డిగ్రీకి పోట్లాడాల్సిందే, అదీ దాటిపోతే తర్వాతి పదోవంతుకి. అంతా అయిపోయిందని అనేవాళ్లూ, ఏమీ కాదని అనేవాళ్లూ చివరికి చేసే పని ఒకటే. ఏమీ చేయకపోవడం.

వేడెక్కుతున్న ఈ కాలంలోనే ఇంకోటి జరిగింది. 1970 నుంచి 2019 దాకా వాతావరణ విపత్తులు దాదాపు ఐదు రెట్లు పెరిగాయని, వాటిలో చనిపోయేవాళ్లు మాత్రం దాదాపు మూడోవంతుకు తగ్గారని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క. 1970లో ఇప్పటి బంగ్లాదేశ్ తీరంలో తుపాను వచ్చినప్పుడు కనీసం 3 లక్షలమంది పోయారు. 1972లో అక్కడ తుపాను హెచ్చరికల కోసం వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. ఇప్పుడు 70 వేలమందికి పైగా ఉన్నారు. తుపాను వస్తోందంటే మెగాఫోన్ పట్టుకుని సైకిళ్ల మీద, కాలినడకన ఇల్లిల్లూ తిరిగి జనాన్ని షెల్టర్లకు పంపిస్తారు. 2020లో పెద్ద తుపాను ఆంఫన్ వచ్చినప్పుడు ఆ దేశంలో మరణాలు పదుల్లో ఉన్నాయి. తుపాను ఆగలేదండీ. దానికి మనిషి సిద్ధమయ్యాడు.

అన్నీ పైకి వెళ్లే కథలే చెబుతున్నానని అనుకోకండి. కింద పడ్డ కథ ఒకటి చెబుతాను, దీని దగ్గర కాస్త ఆగుదాం.

పసిఫిక్ సముద్రంలో సమోవా అనే చిన్న దేశం. జనాభా 2 లక్షలు. 2018లో అక్కడ ఇద్దరు పసిపిల్లలు తట్టు టీకా వేసిన నిమిషాల్లో చనిపోయారు. టీకా పొడిని నీళ్లతో కలపాల్సింది పోయి, పొరపాటున గడువు తీరిన ఒక మత్తుమందు రకం మందుతో కలిపారు. ఇద్దరు నర్సులకు జైలుశిక్ష పడింది. టీకాలో లోపం లేదు. కానీ తల్లిదండ్రుల పరిస్థితి ఊహించండి. వార్త నిజమే, ఇద్దరు పిల్లలు పోయారు. ప్రభుత్వం నెలల తరబడి ఆ టీకా ఆపేసింది. సోషల్ మీడియాలో భయం పాకింది. పసిపిల్లల్లో టీకా వేయించుకున్నవాళ్లు మూడోవంతుకు పడిపోయారు. 2019 చివర్లో తట్టు వచ్చింది. 5,700 మందికి పైగా సోకింది. 83 మంది చనిపోయారు, ఎక్కువమంది ఐదేళ్లలోపు పిల్లలే.

నేను డెస్కులో ఉంటే ఏం చేసేవాణ్నో ఆలోచిస్తాను. ఇద్దరు పిల్లలు చనిపోయిన వార్త బ్యానర్. విచారణలో నర్సుల తప్పని తేలిన వార్త బహుశా లోపలి పేజీలో రెండు కాలాలు. ఆ రెండు వార్తలకూ మధ్యనున్న తేడాకు ఆ తర్వాతి 83 మరణాల్లో వాటా ఉందని నా అనుమానం. సగం చేరిన చెడువార్త మనుషుల్ని చంపగలదు.

అక్కడితో ఆగితే నేనూ అదే పని చేసినవాణ్నవుతాను. డిసెంబర్ 5, 6 తేదీల్లో సమోవా ప్రభుత్వం ఆఫీసులన్నీ మూసేసింది. ఉద్యోగులంతా టీకాల పనిలోకి. జనాన్ని ఇంట్లోనే ఉండమన్నారు. టీకా పడనివాళ్లు ఇంట్లో ఉంటే గుమ్మం దగ్గర ఎర్రగుడ్డ కట్టమన్నారు. బృందాలు ఎర్రగుడ్డ కనబడిన ప్రతి ఇంటికీ వెళ్లాయి. ఆ నెల చివరికల్లా టీకా పడినవాళ్లు దాదాపు 95 శాతానికి చేరారు, అత్యవసర పరిస్థితి ఎత్తేశారు. పోయిన పిల్లలు తిరిగి రారు. ఆ తల్లిదండ్రులకు ఇది సుఖాంతమని ఎవరూ చెప్పలేరు. కానీ కొద్ది నెలల కిందట టీకా అంటే భయపడిన జనమే గుమ్మానికి ఎర్రగుడ్డ కట్టి 'మా ఇంటికి రండి' అన్నారు. మనుషులు మారరు అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ ఎర్రగుడ్డలు గుర్తొస్తాయి.

టైము చూసుకోమంటున్నారు. సరే, ఇక మనం చేసుకోగలిగినవి.

నేను రిటైరయ్యాక ఒక పని పెట్టుకున్నాను. వార్తలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మంచం మీద అసలు లేదు. ఇది అందరూ చెప్పేదే, పనిచేస్తుంది కూడా, దీని మీద ఇంకేమీ చెప్పను. రెండోది కాస్త కొత్తగా ఉండవచ్చు. ఒక నోట్‌బుక్‌లో నన్ను బాగా కలవరపెట్టిన వార్త రాసి తారీఖు వేస్తాను. ఆరు నెలల తర్వాత తీసి, అది ఏమైందో వెతుకుతాను. కొన్ని ఇంకా ఘోరంగా మారి ఉంటాయి. కొన్ని అలాగే ఉంటాయి. కొన్నింట్లో ఎవరో ఏదో చేసి ఉంటారు, దాని గురించి నాకు ఒక్క ముక్క తెలిసి ఉండదు. డెస్కులో వదిలేసిన ఫాలోఅప్‌లన్నీ ఇప్పుడు చేస్తున్నానన్నమాట, జీతం లేకుండా. (నవ్వులు)

మూడోది ముఖ్యమైంది. అన్నింటి మీదా కాదు, ఒక్కదాని మీద చేయి వేయండి. మెదడు కోరేది అదే కదా, చేస్తే మారుతుందన్న అనుభవం. అది చిన్నదైనా పర్వాలేదు. నారికురుపు వ్యాధి సంగతి చూడండి. మురికినీళ్లు తాగితే వచ్చేది. కాల్లోంచి దాదాపు మీటరు పొడవు పురుగు బయటికొస్తుంది. 1986లో ప్రపంచంలో సుమారు 35 లక్షలమందికి ఉండేది. దానికి టీకా లేదు, ఇప్పటికీ లేదు. నయం చేసే మందు లేదు. వాడిన ఆయుధం నీళ్లు వడకట్టుకునే గుడ్డ, కురుపు ఉన్నవాళ్లు చెరువులో దిగకుండా ఒప్పించే మనుషులు. 2024లో ప్రపంచం మొత్తం మీద 15 కేసులు. కుక్కల్లో ఇంకా ఉండటం వల్ల పూర్తిగా పోవడం ఆలస్యమవుతోంది. పోకపోవచ్చు కూడా. కానీ 35 లక్షల నుంచి 15కి తెచ్చినవాళ్లలో ఎక్కువమంది పెద్ద చదువులవాళ్లు కారు, ఊళ్లలో తిరిగిన వాలంటీర్లు. వాళ్లు పొద్దున లేచి 'ప్రపంచ భవిష్యత్తు మీద నాకు ఆశ ఉందా' అని ప్రశ్నించుకుని ఉంటారని నేను అనుకోను. గుడ్డలు పంచడానికి వెళ్లుంటారు.

ఒంటరిగా చేయకండి, నలుగురితో చేయండి. ఒక్కరే అయితే ఓడిన రోజు మానేస్తారు. నలుగురైతే ఎవరో ఒకరు లాక్కెళతారు.

ప్రశ్నలున్నాయా? ఆ, మీరు చెప్పండమ్మా. మైకు ఇవ్వండి ఆమెకు.

(ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. ఎలాగూ ప్రపంచం నాశనమవుతోంది, చదివి ఏం లాభం అంటున్నాడు. ఏం చెప్పాలి?)

మొదట, నేను ఇప్పుడు చెప్పిన లెక్కలేవీ వాడికి చెప్పకండి. (నవ్వులు) నిజంగానే అంటున్నాను. పదిహేడేళ్లవాడు భయపడి మాట్లాడుతుంటే ఎదురుగా గ్రాఫులు పెడితే, నా బాధ వీళ్లకు పట్టలేదు అనుకుంటాడు. 'మా కాలంలో ఇంతకంటే కష్టాలు పడ్డాం' అని కూడా అనవద్దు. వాడు చెబుతున్నదాంట్లో నిజం ఉంది, ముందు అది ఒప్పుకోండి.

తర్వాత ఒకటే అడగండి, అన్నింట్లోకీ నిన్ను ఎక్కువ భయపెట్టే వార్త ఏది అని. 'అన్నీ' అంటాడు. వదలకండి, ఒకటి చెప్పమనండి. అది వేడి కావచ్చు, యుద్ధం కావచ్చు, ఈ ఏఐ వల్ల ఉద్యోగాలు పోతాయన్నది కావచ్చు. ఏదైనా సరే, ఆ ఒక్కదాని మీద పనిచేస్తున్న మనిషి ఎవరో ఇద్దరూ కలిసి వెతకండి. ఉపన్యాసాలిచ్చేవాళ్లు కాదు, నాలాంటివాళ్లు అసలే వద్దు. కొలిచేవాళ్లు, బాగుచేసేవాళ్లు, చికిత్స చేసేవాళ్లు. వీలైతే తీసుకెళ్లి కలిపించండి, లేకపోతే వాడిచేతే ఒక ఉత్తరం రాయించండి. ఆ పని చేయాలంటే ఏం చదవాలో వాళ్లు చెబుతారు. చదువు ఎందుకు అన్న ప్రశ్నకు మీరిచ్చే జవాబు కంటే అది బాగా ఎక్కుతుంది.

వాడు వెంటనే మారిపోతాడని నేను హామీ ఇవ్వలేను. తిండి, నిద్ర తగ్గినట్టు కనిపిస్తే మాత్రం దీన్ని వార్తల సమస్యగా చూడకండి, డాక్టర్‌కి చూపించండి. ఇక ఆ ఒక్క వార్త ఏదో వాడు చెప్పాక, సభ అయ్యాక ఇక్కడివాళ్ల దగ్గర నా నంబర్ తీసుకుని ఫోన్ చేయండి. ఇన్నేళ్ల డెస్కు ఉద్యోగంలో నాకు మిగిలిన ఆస్తల్లా పరిచయాలే. ఆ పని చేసేవాళ్లు ఎవరైనా దొరుకుతారేమో చూస్తాను.